ఎర్రర్ 53: షేర్డ్ డ్రైవ్ ఎందుకు మొరాయిస్తుంది? ఒక పాత నంబరు కథ

కిందటి ఎపిసోడ్‌లో ప్రింటర్ల గురించి మాట్లాడుకున్నాం కదా. ఇవాళ ఒక నంబరు గురించి చెప్పుకుందాం. యాభై మూడు.

మీరు ఆఫీసులో పనిచేసేవాళ్లయితే ఈ నంబరును ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు, గుర్తుపట్టి ఉండరు. పొద్దున్నే సిస్టమ్ ఆన్ చేస్తారు. జెడ్ డ్రైవ్ మీద ఎర్రగా ఇంటూ గుర్తు ఉంటుంది. నొక్కితే ఆ గుండ్రం కాసేపు తిరిగి తిరిగి, చివరికి నెట్‌వర్క్ పాత్ దొరకలేదు అంటుంది. కింద సున్నా ఎక్స్ 80070035 అని ఉంటుంది. స్క్రీన్ మీద చూపిస్తున్నాను, చూడండి. ఇందులో 8007 అనేది విండోస్ తగిలించే ఇంటిపేరు లాంటిది. అసలు పేరు ఆ చివర 35. అది హెక్సాడెసిమల్, అంటే పదికి బదులు పదహారుతో లెక్కపెట్టే పద్ధతి. మూడు పదహార్లు నలభై ఎనిమిది, దానికి ఐదు కలిపితే 53.

ఈ 53 నిన్నా మొన్నా పుట్టింది కాదండీ. 1985లో వచ్చిన డాస్ 3.1లోనే ఉంది. డాస్‌కు మొదటిసారి నెట్‌వర్క్ సంగతులు నేర్పిన వెర్షన్ అదే. దాని చుట్టుపక్కల నంబర్లు కూడా అప్పటివే. 51 అంటే అవతలి కంప్యూటర్ వినడం లేదు. 52 అంటే ఇదే పేరుతో ఇంకొకరు ఉన్నారు. 53 అంటే మీరు చెప్పిన చోటు దొరకలేదు. విండోస్ ఎన్నిసార్లు వేషం మార్చినా ఈ నంబర్లు మాత్రం తాతగారి గడియారంలా అలాగే గోడకు వేలాడుతున్నాయి.

నంబరు మారలేదు గానీ, దాని వెనక ఉండే కారణం మారింది. ఒకప్పుడు వైరు ఊడితే వచ్చేది. ఇప్పుడు చాలాసార్లు వైరు బాగుంటుంది, రెండు కంప్యూటర్లూ బాగుంటాయి, కానీ ఒకదాన్నొకటి నమ్మవు. ఆ నమ్మకం ఎలా మొదలైంది, ఎలా పోయింది అనేది ఇవాళ్టి కథ. అందులో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. దాంతోనే మొదలుపెడతాను.

2018. విజయవాడలో ఒక ఆడిటర్ గారి ఆఫీసు. ఐదు సిస్టమ్‌లు, ఒక జిరాక్స్ మెషీన్. మూలన ఎక్స్‌పీ ఉన్న పాత డెస్క్‌టాప్ ఒకటి, దాన్నే వాళ్లు సర్వర్ అనేవాళ్లు. క్లయింట్ల ఫైళ్లన్నీ అందులోనే. 2009లో దాన్ని పెట్టింది నేనే. జూలై చివరి వారం, రిటర్నులు వేసే గడువు. మధ్యాహ్నం ఫోను.

"ఏమయ్యా, కొత్త ల్యాప్‌టాప్‌లో జెడ్ డ్రైవ్ రావట్లేదు. అందరికీ వస్తోంది, దీనికొక్కదానికే రావట్లేదు. నువ్వొస్తావా, లేక నేనే ఆ మూల సిస్టమ్ ముందు కూర్చోవాలా?"

"వస్తున్నానండీ, అరగంటలో ఉంటాను."

ల్యాప్‌టాప్‌లో విండోస్ 10. కొన్నాక నెలరోజులు ఆయన కూతురి దగ్గర ఉందట, తర్వాత ఆఫీసుకు తెచ్చారు. ఆ నెలరోజుల సంగతి ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది. సర్వర్ పేరు కొడితే 53. పేరుకు బదులు ఐపీ అడ్రసు కొట్టాను. అప్పుడు ఇంకో మెసేజీ వచ్చింది. ఈ షేర్‌కు కాలం చెల్లిన ఎస్‌ఎంబి 1 ప్రోటోకాల్ కావాలి, అది సురక్షితం కాదు, మీ సిస్టమ్ మీద దాడి జరగొచ్చు అని. చదివాను. అర్థమయింది కూడా. కంట్రోల్ ప్యానెల్‌కి వెళ్లి, విండోస్ ఫీచర్స్‌లో ఎస్‌ఎంబి 1 పక్కన టిక్ పెట్టి, రీస్టార్ట్ చేశాను. జెడ్ డ్రైవ్ వచ్చేసింది. ఐదు నిమిషాల పని. ఆయన ఐదు వందలు ఇచ్చి, ఫిల్టర్ కాఫీ ఇప్పించారు.

ఆ టిక్ పెట్టిన డబ్బాలో ఏముందో చెప్పాలంటే 1983కి వెళ్లాలి.

ఐబీఎం పీసీ 1981లో వచ్చింది. రెండేళ్లకు ఎక్స్‌టీ అనే మోడల్ వచ్చింది, అందులో హార్డ్ డిస్క్ ఉంది. ఎంత? 10 మెగాబైట్లు. ఇప్పుడు మీ ఫోన్‌లో రెండు మూడు ఫొటోలకు సరిపోయేంత. అదే అప్పట్లో ఖరీదైన వస్తువు. ఆఫీసులో ఇరవై పీసీలు ఉంటే ఇరవై డిస్కులు కొనలేరు. ఒకదానికి డిస్కు పెట్టి మిగతావాళ్లు వాడుకుంటే బాగుంటుంది కదా అన్నది ఆలోచన. ప్రింటర్ల సంగతీ అంతే.

ఆ పని ఐబీఎంలో బ్యారీ ఫైగెన్‌బామ్ అనే ఇంజినీరు మీద పడింది. ఆయన చేసిన ఉపాయం చాలా తెలివైనది. డాస్‌లో ఏ ప్రోగ్రామైనా ఫైలు తెరవాలంటే ఇంటరప్ట్ 21 అనే ఒక తలుపు తట్టాలి. ఫైలు తెరువు, చదువు, రాయి, మూసెయ్యి, అన్నీ ఆ తలుపు దగ్గరే అడగాలి. ఆయన ఆ తలుపు దగ్గర ఒక మనిషిని నిలబెట్టినట్టు చేశారు. అడిగిన ఫైలు మన డిస్కులోది అయితే లోపలికి పంపుతాడు. వేరే కంప్యూటర్‌లోది అయితే ఆ అడిగినదాన్నే చీటీ మీద రాసి వైరు మీద పంపుతాడు. అవతలి వైపు ఇంకొకడు ఆ చీటీ చదివి, పనిచేసి, జవాబు పంపుతాడు. ప్రోగ్రాముకి ఇదేమీ తెలియదు. జెడ్ అనేది మన పెట్టెలోనే ఉందనుకుంటుంది. మనమూ ఇప్పటికీ అలాగే అనుకుంటాం. అందుకే అది రానప్పుడు డిస్కు పోయిందని కంగారు పడతాం.

ఆ చీటీకి ఫైగెన్‌బామ్ మొదట తన పేరులోని పొడి అక్షరాలే పెట్టుకున్నారు, బీఏఎఫ్ అని. బయటికి వచ్చేముందు దాన్ని సర్వర్ మెసేజ్ బ్లాక్ అని మార్చారు. అదే ఎస్‌ఎంబి. ఇవాళ్టికీ మీ షేర్డ్ డ్రైవ్ నుంచి పోయే ప్రతి చీటీ మొదట్లో ఒక గుర్తు, ఆ వెంటనే ఎస్, ఎం, బి అనే మూడు అక్షరాలు ఉంటాయి. నెట్‌వర్క్‌లో పోయేవాటిని చూపించే వైర్‌షార్క్ అనే ప్రోగ్రాము ఉంటే మీరే చూడొచ్చు.

చీటీ సరే, దాన్ని ఎవరికి ఇవ్వాలో ఎలా తెలుస్తుంది? దానికి కాలిఫోర్నియాలోని సైటెక్ అనే కంపెనీ ఐబీఎం కోసం నెట్‌బయోస్ అనేదాన్ని తయారుచేసింది. 1984లో ఐబీఎం ప్రకటించిన పీసీ నెట్‌వర్క్ దాని మీదే నడిచింది. కోయాక్సియల్ కేబుల్, సెకనుకు 2 మెగాబిట్ల వేగం. ఇక్కడ అడ్రసులు లేవు, పేర్లే. కొత్త కంప్యూటర్ ఆన్ అవగానే వైరు మీద గట్టిగా అరుస్తుంది: నా పేరు ఫలానా, ఈ పేరు ఇంకెవరికైనా ఉందా? ఎవరూ పలక్కపోతే పేరు దానిదే. ఎవరైనా పలికితే 52, డూప్లికేట్ నేమ్. ఎవరినైనా వెతకాలన్నా అరవడమే. పేరుకు 16 అక్షరాల చోటు, అందులో చివరిది ఆ కంప్యూటర్ ఏ పని చేస్తుందో చెప్పడానికి, మిగిలినవి 15. మీరు కంప్యూటర్‌కు పొడుగాటి పేరు పెడితే విండోస్ ఇప్పటికీ 15 దగ్గర కోసేస్తానంటుంది చూడండి, ఆ కత్తెర అప్పటిది.

ఇప్పుడు అసలు విషయం గమనించండి. పలికినవాడు నిజంగా ఆ పేరువాడేనా అని ఎవరూ అడగరు. ఎందుకడగాలి? అది ఒక ఆఫీసులో, ఒక అంతస్తులో, కొద్ది గజాల వైరు. దాని మీద ఉన్నవాళ్లంతా పక్కపక్క కుర్చీల్లోవాళ్లు. పల్లెటూళ్లో పగలు తలుపులకు గొళ్లెం పెట్టరు చూడండి, అలాగ. అప్పటికి అది తప్పని నేననను. ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, ఊరు పెరిగి పట్నమైనా గొళ్లెం మాత్రం చాలాకాలం పెట్టలేదు.

1987లో ఈ నెట్‌బయోస్‌ను టీసీపీ ఐపీ మీద నడిపించే పద్ధతిని రాసిపెట్టారు. అంటే ఇంట్లో మాట్లాడుకునే భాషను ఊళ్లోకి పంపే దారి వేశారు. దాదాపు అదే కాలంలో మైక్రోసాఫ్ట్ లాన్ మేనేజర్ అనేది తెచ్చింది. పాస్‌వర్డులు వచ్చాయి, నిజమే. కానీ ఎలాంటివి? మీరు ఏమి టైపు చేసినా అన్నీ పెద్ద అక్షరాలు చేసేసి, 14 దాటితే కోసేసి, ఉన్నదాన్ని ఏడు, ఏడుగా రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కను విడిగా దాచేది. పద్నాలుగు అక్షరాల తాళం పగలగొట్టక్కర్లేదు, ఏడక్షరాల తాళాలు రెండు పగలగొడితే చాలు. ఈ పద్ధతి అలా అలా విండోస్ ఎక్స్‌పీ దాకా వచ్చింది.

మనదగ్గర చిన్న ఆఫీసులకు షేరింగ్ అంటే తెలిసింది మాత్రం విండోస్ 95, 98 కాలంలోనే. నేను పని నేర్చుకుంది ఆ రోజుల్లో. హబ్ ఒకటి, కేబుల్ కొసలకు క్లిప్పులు వేసుకునే పరికరం ఒకటి ఉంటే మనం నెట్‌వర్క్ ఇంజినీర్లం. డెస్క్‌టాప్ మీద నెట్‌వర్క్ నైబర్‌హుడ్ అని ఒక బొమ్మ. దాన్ని నొక్కితే ఆఫీసులో ఉన్న కంప్యూటర్లన్నీ వరసగా కనిపించాలి. కనిపించేవి కాదు. ఒకడి సిస్టమ్‌లో నాలుగు, ఇంకొకడి దాంట్లో రెండు. ఆపేసిన సిస్టమ్ కనిపిస్తుంది, ఎదురుగా నడుస్తున్నది కనిపించదు. దెయ్యం పట్టిందనుకునేవాళ్లం.

దానికీ ఒక లెక్క ఉంది, నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ పట్టికను కంప్యూటర్లే తమలో తాము ఎన్నిక పెట్టుకుని, గెలిచినదాని చేతికి ఇస్తాయి. దాన్ని మాస్టర్ బ్రౌజర్ అంటారు. ప్రతి కంప్యూటర్ 12 నిమిషాలకోసారి నేనున్నాను అని చెప్పాలి. మూడుసార్లు చెప్పకపోతేనే పట్టికలోంచి పేరు కొట్టేస్తారు. ఆ వార్త మిగతావాళ్లకు చేరేసరికి ఇంకో 15 నిమిషాలు. మొత్తం మీద, ఆపేసిన కంప్యూటర్ 51 నిమిషాల దాకా బతికున్నట్టే కనిపించవచ్చు. ఎన్నికలో గెలిచిన సిస్టమ్‌ను ఎవరైనా టక్కున ఆపేస్తే మళ్లీ ఎన్నిక. మేం సిస్టమ్‌లన్నీ ఆపి ఆన్ చేస్తే బాగయ్యేది అనుకునేవాళ్లం గానీ, నిజానికి బాగయింది టీ తాగొచ్చిన ఆ గంట వల్లే.

ఆ విండోస్ 95, 98లో షేర్‌కు పాస్‌వర్డు పెట్టొచ్చు. మేం పెట్టాం కూడా, జీతాల ఫోల్డర్లకు. 2000 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ ఒక సవరణ విడుదల చేసింది, ఎందుకో తెలుసా? పాస్‌వర్డును సరిచూసేటప్పుడు, ఎన్ని అక్షరాలు సరిచూడాలో అడిగేవాడు చెప్పిన లెక్కనే ఆ సిస్టమ్ నమ్మేది. ఒక్క అక్షరం పంపి, ఒక్క అక్షరమే చూడు అంటే, ఒక్కటే చూసి తలుపు తీసేది. ఎంత పెద్ద పాస్‌వర్డయినా మొదటి అక్షరం తెలిస్తే చాలు. మూడో నాలుగో డజన్ల అక్షరాలు ప్రయత్నిస్తే అయిపోయింది. ఇది చదివినరోజు నేను నా కస్టమర్ల జీతాల ఫోల్డర్లన్నీ తలుచుకున్నాను.

ఈ కథలో ఇంకో పాయ ఉంది, అది ఆస్ట్రేలియాలో మొదలైంది. అది చెప్పకుండా ముందుకు పోలేను, ఎందుకంటే మీ ఇంట్లోనో ఆఫీసులోనో ఉన్న చాలా నాస్ డబ్బాల్లో నడిచేది అదే.

1991 డిసెంబరు, కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ. ఆండ్రూ ట్రిడ్జెల్ అనే పీహెచ్‌డీ విద్యార్థి. అతని దగ్గర డాస్ పీసీ ఒకటి, యూనిక్స్ కంప్యూటర్ ఒకటి. యూనిక్స్‌లోని డిస్కు పీసీలో కనిపించాలి. డిజిటల్ అనే కంపెనీ పాత్‌వర్క్స్ అని ఒక సాఫ్ట్‌వేర్ అమ్మేది, దాని సర్వర్ ఏం మాట్లాడుతుందో ఇతనికి తెలియదు. వైరు మీద పోయే చీటీలను పట్టుకుని చూశాడు. ఇది అడిగితే ఇది జవాబు, అది అడిగితే అది జవాబు. భాష రాని ఊళ్లో హోటల్లో కూర్చుని, పక్క టేబుల్‌వాళ్లు ఏ మాట అంటే ఏ పదార్థం వస్తోందో చూసి మనమూ ఆ మాటే అనడం లాంటిది. తర్వాతి రోజుల్లో ఆయన కూడా ఈ పని గురించి చెప్పేటప్పుడు ఫ్రెంచి కాఫీ హోటల్ ఉపమానమే వాడేవాడు. అలా విని విని ఒక సర్వర్ రాసి, 1992 జనవరిలో అందరికీ ఉచితంగా ఇచ్చాడు. అప్పటికి అతనికి తాను రాసింది ఎస్‌ఎంబి అని తెలియదు!

తర్వాత దాదాపు రెండేళ్లు దాన్ని పక్కన పడేశాడు. తన లైనక్స్ కంప్యూటర్‌ను, భార్య విండోస్ కంప్యూటర్‌ను కలపాల్సి వచ్చినప్పుడు మళ్లీ తీశాడు. చూస్తే, అది మైక్రోసాఫ్ట్ వాళ్లదానితోనూ మాట్లాడుతోంది. పేరు మాత్రం మార్చాల్సి వచ్చింది, ఎందుకంటే ఎస్‌ఎంబి సర్వర్ అనే పేరు వేరే కంపెనీది. కంప్యూటర్‌లో ఉన్న ఇంగ్లిషు పదాల జాబితాలో ఎస్‌తో మొదలై, ఎం, బి వరసగా తగిలే పదాలు వెతికాడు. సాంబా తేలింది. మన సాంబారుకు ఒక్క అక్షరం తక్కువ. క్లాసులో ఈ ముక్క చెబితే పిల్లలు ఇక మరిచిపోరు.

మైక్రోసాఫ్ట్ ఆ భాష వ్యాకరణాన్ని పూర్తిగా బయటపెట్టలేదు. సన్ మైక్రోసిస్టమ్స్ 1998లో చేసిన ఫిర్యాదుతో యూరోపియన్ కమిషన్ దగ్గర కేసు నడిచింది. 2004 మార్చిలో 49.7 కోట్ల యూరోల జరిమానా వేసి, సర్వర్ల సమాచారం ఇవ్వమంది. 2007 సెప్టెంబరులో కోర్టు కూడా సరే అంది. ఆ డిసెంబరులో సాంబా వాళ్లు 10,000 యూరోలు కట్టి ఆ పత్రాలు తీసుకున్నారు. పదిహేనేళ్లు విని నేర్చుకున్న భాషకు చివరికి పుస్తకం దొరికింది.

ఇంతకీ మైక్రోసాఫ్ట్ ఏం చేసింది? విండోస్ విస్టాతో, 2006 చివర్లో, ఎస్‌ఎంబి 2 అని కొత్తది రాసింది. పాతదాంట్లో ఆజ్ఞలు వందకు పైన ఉండేవి, కొత్తదాంట్లో పంతొమ్మిది. ఇల్లంతా కడిగినట్టయింది. కానీ పాత ఇంటిని కూల్చలేదు. ఎక్స్‌పీలు ఉన్నాయి, స్కాన్ చేసి ఫోల్డర్‌లోకి పంపే జిరాక్స్ మెషీన్లు ఉన్నాయి, వాటికి పాతదే వచ్చు. రెండు కంప్యూటర్లు కలిసినప్పుడు నీకు ఏ భాష వచ్చు, నాకు ఏ భాష వచ్చు అని ముందుగా మాట్లాడుకుంటాయి, ఇద్దరికీ వచ్చినదాంట్లో కొత్తది ఎంచుకుంటాయి. ఆ మర్యాద కోసం పాత తలుపు తెరిచే ఉంచారు. 2014లో ఇక ఎస్‌ఎంబి 1కి కాలం చెల్లిందని ప్రకటించారు. 2016 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్‌లో ఈ వ్యవహారం చూసే నెడ్ పైల్ అనే ఆయన, దయచేసి దాన్ని వాడటం ఆపండి అని పెద్ద వ్యాసమే రాశారు. ఎవరు వింటారండీ? పనిచేస్తున్నదాన్ని ఎవరు కెలుకుతారు?

2017 మార్చి 14న ఎస్‌ఎంబి 1లో ఉన్న ఒక లోపానికి సవరణ వచ్చింది. ఏప్రిల్‌లో షాడో బ్రోకర్స్ అనే ముఠా, అమెరికా గూఢచారి సంస్థ ఎన్‌ఎస్‌ఏ దగ్గరి పనిముట్లంటూ కొన్నింటిని బయట పడేసింది. అందులో ఎటర్నల్ బ్లూ ఒకటి, సరిగ్గా ఆ లోపం మీద పనిచేసేది. మే 12న వానాక్రై వచ్చింది. ఎవరూ మెయిలు తెరవక్కర్లేదు, ఏమీ నొక్కక్కర్లేదు. 445 అనే పోర్టు తెరిచి ఉంటే చాలు, ఒక కంప్యూటర్ నుంచి ఇంకో దానికి అదే పాకుతుంది. ఫైళ్లకు తాళం వేసి 300 డాలర్ల బిట్‌కాయిన్లు అడుగుతుంది. 150కి పైగా దేశాలు, రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు. ఇంగ్లండులో 236 ఆరోగ్య ట్రస్టుల్లో కనీసం 80కి దెబ్బ తగిలింది, ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు కూడా ఆగిపోయాయి. ఆ శనివారం నేను పన్నెండు ఆఫీసులకు ఫోన్లు చేశాను. సోమవారం దాకా సిస్టమ్‌లు ఆన్ చెయ్యకండి అని చెప్పడానికి.

ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ ఆ పాత అలవాట్లను ఒక్కొక్కటిగా తీసేస్తూ వచ్చింది. మనకు ఎర్రర్లుగా కనిపించేవి అవే. 2017 అక్టోబరులో వచ్చిన విండోస్ 10, వెర్షన్ 1709 చూడండి. అందులో సాధారణ ఎడిషన్లలో ఎస్‌ఎంబి 1 ఉంటుంది గానీ, కంప్యూటర్ ఆన్‌లో ఉన్న సమయం లెక్కన 15 రోజులు ఎవరూ దాన్ని వాడకపోతే, చెప్పాపెట్టకుండా తనంతట తానే తొలగిపోతుంది. ఆడిటర్ గారి ల్యాప్‌టాప్ నెలరోజులు ఇంట్లో ఉందన్నాను కదా! ఇంట్లో దానికి ఎక్స్‌పీ ఎవరు చూపిస్తారు? ఆఫీసుకు వచ్చేసరికి ఆ భాష మరిచిపోయింది. ముందునుంచీ ఆఫీసులోనే ఉన్న మిగతా సిస్టమ్‌లు రోజూ ఎక్స్‌పీతో మాట్లాడుతున్నాయి కాబట్టి మరిచిపోలేదు. "దీనికొక్కదానికే రావట్లేదు" అన్న మాటకు అదీ అర్థం.

నైబర్‌హుడ్ పట్టిక కూడా ఎస్‌ఎంబి 1తోపాటే పోయింది. ఇప్పుడు ఆ పని వేరే సర్వీసు చేస్తుంది, ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్ అని. చాలా సిస్టమ్‌లలో అది ఆగి ఉంటుంది. కాబట్టి నెట్‌వర్క్‌లో కంప్యూటర్ కనిపించనంత మాత్రాన షేర్ పనిచెయ్యదని కాదు. పట్టికను వదిలేసి, రెండు వెనక గీతలు పెట్టి పేరు నేరుగా కొట్టండి. రాకపోతే పేరుకు బదులు ఐపీ కొట్టండి. ఐపీతో వచ్చి పేరుతో రాకపోతే రోగం పేర్ల దగ్గరుంది, షేర్ దగ్గర లేదు. రెండింటితోనూ 53 వస్తే, వైఫైని పబ్లిక్ అని పెట్టారేమో చూడండి. పబ్లిక్ అంటే విండోస్ దాన్ని బస్టాండు అనుకుంటుంది, ఫైర్‌వాల్‌తో తలుపులు మూసేస్తుంది. మీ సొంత ఆఫీసే అయితే ప్రైవేట్ అని మార్చండి.

53 కాకుండా పాస్‌వర్డు అడుగుతోందంటే సంతోషించండి, దారి దొరికిందన్నమాట. ఇక్కడ నూటికి తొంభైమంది పొరబడేది ఒకటుంది. రోజూ నాలుగంకెల పిన్ కొట్టి లాగిన్ అవుతారు, అదే ఇక్కడా కొడతారు. పిన్ ఆ ఒక్క పెట్టెకే, వైరు దాటి పనిచెయ్యదు. అసలు పాస్‌వర్డు కావాలి, అదీ మీ సిస్టమ్‌ది కాదు, అవతలి సిస్టమ్‌లో ఉన్న యూజర్‌ది. అవతల పాస్‌వర్డే పెట్టలేదంటారా, అప్పుడూ రాదు. ఖాళీ పాస్‌వర్డుతో వైరు మీదుగా లోపలికి రానివ్వకూడదని ఎక్స్‌పీ కాలంలోనే పెట్టారు, ఆ ఎర్రర్ 1327. ఒకే సర్వర్‌కు రెండు పేర్లతో వెళ్లబోతే 1219. పాత కనెక్షన్ తెంపి మళ్లీ వెళ్లాలి.

తాజా సంగతి విండోస్ 11, 2024లో వచ్చిన 24హెచ్2. ఇందులో ప్రతి చీటీ మీద సంతకం ఉండాలంటుంది. ప్రో ఎడిషన్‌లో గెస్ట్‌గా వెళ్లడం కూడా ఆపేశారు. గెస్ట్‌కు పాస్‌వర్డు ఉండదు, పాస్‌వర్డు లేనివాడు సంతకం ఎలా పెడతాడు? అందుకే పాత నాస్ డబ్బాలు, వైఫై రూటరు వెనక గుచ్చిన హార్డ్ డిస్కులు ఒక్కసారిగా రావడం మానేశాయి. ఈ మధ్య నాకు వచ్చే ఫోన్లలో సగం ఇవే. సెట్టింగులు మార్చి గెస్ట్‌ను మళ్లీ తెరవొచ్చు, ఆ సంగతి మీకు ఎక్కడైనా దొరుకుతుంది. నేను ఇక్కడ చూపించను. ఎందుకో చెబుతాను.

2019 ఫిబ్రవరి. అదే ఆడిటర్ గారి ఆఫీసు. ఒక అసిస్టెంటు అమ్మాయి కొరియర్ బిల్లు అని వచ్చిన మెయిలు తెరిచింది. పావుగంటలో ఆమె సిస్టమ్‌లో ఫైళ్ల పేర్లన్నీ మారిపోయాయి. అంతటితో ఆగితే ఒక్క సిస్టమ్ పోయేది. కానీ ఆ సిస్టమ్‌లో జెడ్ డ్రైవ్ ఉంది. మూల ఎక్స్‌పీ ఎవరొచ్చినా గెస్టే అనుకుంటుంది, దాని పద్ధతే అది. ఇక ఆ ఫోల్డర్‌కు ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా రాయొచ్చు అని 2009లో పెట్టింది నేను. ఎవరికీ పాస్‌వర్డు గొడవ ఉండకూడదని. పక్కనే వై డ్రైవ్, అందులో రోజూ రాత్రి బ్యాకప్. అది కూడా అందరికీ కనపడేలా నేనే పెట్టాను. రెండూ పోయాయి. వానాక్రైలా పాకింది కూడా కాదు. తెరిచి ఉన్న తలుపులోంచి మామూలుగా నడిచి వెళ్లింది, అంతే.

వేసేసిన రిటర్నులు పోర్టల్‌లో ఉన్నాయి, దింపుకున్నాం. ట్యాలీ డేటా మూడు నెలల క్రితంది ఒక పెన్‌డ్రైవ్‌లో దొరికింది. మిగతా మూడు నెలలు కాయితం కట్టలు ముందేసుకుని, మార్చి నెలంతా, నలుగురు కూర్చుని మళ్లీ ఎక్కించారు. సాయంత్రాలు నేనూ వెళ్లి వోచర్లు చదివి పెట్టేవాణ్ని. ఒకరోజు అందరూ వెళ్లాక ఆయన అడిగారు.

"ఒక్కటి చెప్పు. ఆ డ్రైవ్ అలా బార్లా తెరిచి పెట్టడం, నీకు తెలిసి చేశావా, తెలియక చేశావా?"

"2009లో తెలియక చేశానండీ. పోయిన జూలైలో తెలిసే వదిలేశాను. వద్దని స్క్రీన్ మీద రాసింది, చదివాను కూడా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీరు తొందరలో ఉన్నారు కదా అని..."

"నా తొందర నాది. చెప్పడం నీ పని కదయ్యా."

దానికి నా దగ్గర జవాబు లేదు. నిరుడు ఆయన విండోస్ 11 ల్యాప్‌టాప్ కొన్నారు, దాంతోపాటు ఎక్స్‌పీని తీసేసి కొత్త నాస్ పెట్టాం. ఐదుగురికి ఐదు యూజర్లు, ఐదు పాస్‌వర్డులు. ఎవరి ఫోల్డర్‌లో వాళ్లే రాయగలరు, మిగతావి చదవగలరు. బ్యాకప్ డిస్కుకు డ్రైవ్ అక్షరమే ఇవ్వలేదు, దాని పాస్‌వర్డు ఆయనకు, నాకు తప్ప తెలియదు. మొత్తం మూడు గంటలు పట్టింది, మొదటి వారం రోజుకు రెండు ఫోన్లు వచ్చాయి, పాస్‌వర్డు మరిచిపోయామని. జిరాక్స్ మెషీన్ మాత్రం పాతదే, దానికి ఎస్‌ఎంబి 1 తప్ప రాదు. దానికోసం తలుపు తెరవమని ఆయనా అడగలేదు, నేనూ తెరవలేదు. ప్రస్తుతానికి స్కాన్ చేసినవి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని గదికి ఆ చివర నుంచి ఈ చివరకు నడుచుకుంటూ తెస్తున్నారు.